సీనాయి నుండి యెరూషలేముకు: బస్సు దిగని కాళ్ళ సంగతి



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుండి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళే పెద్దలు సాధారణంగా విమానం గురించి భయపడతారు. మేము మాత్రం వారిని యాత్ర మధ్యలో వచ్చే ఒక రోజు గురించి అడుగుతాము. అది ఐగుప్తు నుండి ఇశ్రాయేలులోనికి బస్సులో దాటే రోజు. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధం వలన ఈ యాత్రలు చాలా రద్దయ్యాయి. కనుక ఆ సరిహద్దు దారి తెరచి ఉన్నదో లేదో ముందుగా తెలుసుకొని మరీ బయలుదేరవలెను.

ఆ రోజు ఎలా ఉంటుందో చూడండి. ముందు రోజు కైరోలో బయలుదేరిన బస్సు సూయజ్ కాలువ క్రింది సొరంగం గుండా సీనాయి ఎడారికి చేరుతుంది. రాత్రి సెయింట్ కేథరిన్ మఠం దగ్గర బస. కొండ ఎక్కదలచిన వారిని అర్ధరాత్రి దాటగానే లేపుతారు. కొండ ఎత్తు 2,285 మీటర్లు. ఒంటెల దారి అయిపోయిన తరువాత కూడా సుమారు 750 మెట్లు మిగిలే ఉంటాయి. సూర్యోదయం చూసి, దిగివచ్చి, నిద్ర లేకుండానే బస్సు ఎక్కితే తాబా సరిహద్దు దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడ పెట్టెలు లాగుకుంటూ రెండు దేశాల తనిఖీలు. అవతల ఎయిలాతు నుండి యెరూషలేముకు ఇంకొక 300 కిలోమీటర్లు. దారిలో మృత సముద్రం, సముద్ర మట్టానికి 430 మీటర్ల క్రింద. మన లెక్కలో చెప్పాలంటే గద్వాల నుండి హైదరాబాదు పోయి వచ్చి, మళ్ళీ జడ్చర్ల దాకా పోయినంత దూరం.

కొండ ఎక్కిన అలసట అందరికీ తెలుస్తుంది. తెలియకుండా హాని చేసేది ఆ తరువాత కూర్చోవడమే. కాళ్ళలోని రక్తం పైకి రావడానికి పిక్క కండరాలు పంపువలె పనిచేస్తాయి. నడిస్తే పంపు ఆడుతుంది, కూర్చుంటే ఆగుతుంది. పైగా సీటు అంచు తొడ వెనుక నొక్కుతుంది. నిలిచిన రక్తం లోపలి సిరలో గడ్డకట్టవచ్చును. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు రాత్రంతా ఆశ్రయాల్లో కుర్చీల మీద కూర్చున్నవారు ఇలాగే మరణించడం అక్కడి వైద్యులు గమనించారు. అక్కడ విమానమూ లేదు, ప్రయాణమూ లేదు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్పింది: విమానమైనా, రైలైనా, బస్సైనా నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే ఈ ప్రమాదం సుమారు రెండింతలవుతుంది. అయినా అది దాదాపు 6,000 మందిలో ఒకరికే. కాబట్టి భయపడి యాత్ర మానుకోనక్కరలేదు.

అయితే మునుపు కాలిలో గడ్డ వచ్చినవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గర్భిణులు, హార్మోన్ మాత్రలు వాడేవారు మాత్రం టికెట్ కొనకముందే డాక్టరుకు చూపించుకోవాలి. బిగుతు మేజోళ్ళు ఎవరికి అవసరమో డాక్టరు చెప్తారు. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దు.

మిగిలినవారు చేయవలసింది చాలా తేలిక. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించండి, పాదాలు తిప్పండి. బస్సు ఆగిన ప్రతిచోటా దిగండి. చేతిసంచిని కాళ్ళ దగ్గర ఇరికించుకోవద్దు.

ఇక మన అమ్మలకు, అత్తమ్మలకు ప్రత్యేకంగా ఒక మాట. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనని ఉదయం నుండి నీళ్ళు ముట్టనివారు మీలో ఎందరో మాకు తెలుసు. కొండ మీద రాత్రి చలికి దప్పిక తెలియదు, కాని చెమట పోతూనే ఉంటుంది. బీపీకి, గుండెకు మూత్రం పోయే మాత్ర వాడేవారు నీళ్ళు మానేస్తే సరిహద్దు క్యూలో కళ్ళు తిరిగి పడిపోగలరు. మూత్రం ఆపుకుంటే మంట మొదలవుతుంది. నీళ్ళు త్రాగండి. మాత్ర వేళ మార్చవచ్చునా అని ముందే అడగండి, మీ అంతట మీరు మానవద్దు. నీళ్ళు త్రాగినవారు మాటిమాటికి దిగక తప్పదు, దానితో కాళ్ళకూ మేలే.

షుగర్ ఉన్నవారికి ఐగుప్తు, ఇశ్రాయేలుల మధ్య గడియారం తేడా ఒక గంటకు మించదు. చిక్కు గడియారంతో కాదు, భోజనంతో. తనిఖీ ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇన్సులిన్ తీసుకొని తినకపోతే చెమటలు, వణుకు, తికమక వస్తాయి. బిస్కెట్లు, చక్కెర జేబులోనే ఉంచుకోండి. ఇన్సులిన్ బస్సు డిక్కీలో వేస్తే ఎడారి వేడికి పాడవుతుంది, చేతిసంచిలో పెట్టుకోండి.

మందులన్నీ షీటుతో సహా, డాక్టరు ఇంగ్లీషులో వ్రాసిన చీటీతో తీసుకొనిపోండి. మోకాళ్ళ నొప్పికి కొందరు వాడే ట్రమడాల్ విషయంలో ఐగుప్తు చట్టం చాలా కఠినం. ఆ మాత్రలు తెచ్చిన ఒక విదేశీ యాత్రికురాలికి 2017లో అక్కడ మూడేళ్ళ జైలు శిక్ష పడింది. మీ నొప్పి మాత్రలో అది ఉన్నదేమో చూపించుకోండి.

ఇంటికి చేరాక నాలుగు వారాల వరకు గమనించండి. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే ఆ కాలికి మాలిష్ చేయించకుండా వెంటనే ఆసుపత్రికి రండి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనబడితే 108కి ఫోన్ చేయండి. ఏ రోజు ఎంత దూరం ప్రయాణం చేశారో చీటీ వ్రాసేవారికి మొదటనే చెప్పండి.