బిగిసిన చర్మానికి వెలుగు వైద్యం

గిల్లితే చర్మం చేతికి అందదు. పిడికిలి పట్టబోతే వేళ్లు ముడుచుకోవు. చలిగాలి తగిలితే వేళ్ల కొసలు తెల్లబడి, ఆపై నీలంగా మారతాయి. నల్గొండ పల్లెల్లో ఎవరికి ఇలా జరిగినా ముందు అనుమానం నీళ్ల మీదికే పోతుంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు దశాబ్దాలుగా ఫ్లోరైడ్‌తో పడిన బాధ అలాంటిది మరి! కానీ ఫ్లోరోసిస్ పట్టేది ఎముకల్ని, కీళ్లని. చర్మమే చెక్కలా గట్టిపడితే అది వేరే జబ్బు. పేరు స్క్లెరోడెర్మా.

చర్మానికి పటుత్వాన్నిచ్చేది కొలాజెన్ అనే మాంసకృత్తు. రోగనిరోధక వ్యవస్థ దారితప్పితే అది అవసరానికి మించి పేరుకుపోతుంది. మచ్చలుగా చర్మానికే పరిమితమైతే మార్ఫియా. ఊపిరితిత్తులు, మూత్రపిండాల దాకా పాకితే సిస్టమిక్ స్క్లెరోసిస్. రాతి ధూళిలోని సిలికాను ఏళ్ల తరబడి పీల్చేవారికి ఈ రెండోదాని ముప్పు ఎక్కువ. క్వారీల్లో, క్రషర్లలో చెమటోడ్చే పాలమూరు కూలీలు గుర్తుంచుకోవాల్సిన మాట ఇది.

కిరణాలే కత్తెర

వెలుగుతో వైద్యం కొత్తేమీ కాదు. చర్మక్షయకు కాంతి చికిత్స చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లోనే నోబెల్ బహుమతి దక్కింది. 1990లలో జర్మనీ వైద్యులు మార్ఫియా మీద యూవీఏ-1 అనే అతినీలలోహిత కిరణాల్ని ప్రయోగించి చూశారు. 340 నుంచి 400 నానోమీటర్ల నిడివి ఉన్న ఈ కిరణాలు చర్మం లోపలి పొర దాకా వెళ్లి, కొలాజెన్‌ను తెంచే ఎంజైమును పుట్టిస్తాయి. వారానికి మూడు నుంచి ఐదుసార్ల చొప్పున ముప్ఫై విడతలు ఇస్తే చాలామందిలో బిగువు సడలింది.

ఆ యంత్రాలు మన దేశంలో అరుదు. అందుకే ఇక్కడ ఎక్కువగా వాడేది 'పువా' పద్ధతి. సొరాలెన్ మందు ఇచ్చి, ఆ తర్వాత యూవీఏ కిరణాలు సోకిస్తారు. బొల్లికి మనవాళ్లు ఏనాటి నుంచో వాడుతున్న బావంచి గింజల్లో ఉండేదీ ఈ సొరాలెనే!

ఎండ చాలదా?

పాలమూరులో ఎండకేం కొదవ? అయినా చాలదు. ఎండలో చర్మాన్ని కమిలించే యూవీబీ కిరణాలూ ఉంటాయి. పొద్దున ఎండ ఒకలా, మిట్టమధ్యాహ్నం మరోలా ఉంటుంది. కొలత దొరకదు. బావంచి పొడి పూసుకుని సొంతంగా ఎండలో కూర్చుంటే బొబ్బలు తేలడం ఖాయం. ఆస్పత్రిలోనైతే కళ్లకు రక్షణ అద్దాలు పెట్టి, మోతాదును మెల్లగా పెంచుతారు.

ఈ వైద్యానికీ హద్దులున్నాయి. కొత్త మచ్చలు లొంగినంతగా పాతవి లొంగవు. లోపలి అవయవాలకు పాకిన జబ్బుకు మందులే గతి. పువా ఎక్కువ విడతలైతే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే కిరణాలకన్నా ముందు కావాల్సింది సరైన రోగ నిర్ధారణ. హైదరాబాద్ నిమ్స్‌లో కీళ్లవాతాల విభాగం, ఉస్మానియాలో చర్మవ్యాధుల విభాగం ఉన్నాయి.

ఫ్లోరైడేలే అని సరిపెట్టుకునే ముందు ఒక్కసారి వేలి మీద చర్మాన్ని గిల్లి చూడాలి. పట్టు దొరక్కపోతే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.