తొమ్మిదికంటె పది యేల యెక్కువ?

జూదమును మన పెద్దలు సప్తవ్యసనములలో చేర్చి దూరముగా నుంచిరి. అయినను నేడు కళాశాలలలో సంఖ్యాశాస్త్ర విద్యార్థి మొట్టమొదట నభ్యసించు సంభావ్యతా సిద్ధాంతమునకు జూదశాలయే పుట్టినిల్లనక తప్పదు.

మూడు పాచికలతో నాడు ఇటలీ దేశపు జూదరులు చిరకాలానుభవముచేత నొక వింతను గుర్తించిరి: మొత్తము 9 పడుటకంటె 10 పడుట రవంత తఱచు. 6, 2, 1 అనియు 5, 3, 1 అనియు నిట్లు కూర్చుకొనుచు పోయినచో 9 ఆరు విధముల సిద్ధించును. 10 కూడ సరిగా ఆరు విధములనే సిద్ధించును. మరి యీ పక్షపాత మెక్కడిది?

గురుగ్రహమును పరివేష్టించిన చంద్రులను దూరదర్శినితో కనుగొనిన గెలీలియోయే యీ చిక్కును విప్పెను. మూడు పాచికలకును మూడు రంగులు పూసినట్లు భావించినచో, 6, 2, 1 అను కూటమి ఆయా పాచికలపై స్థానములు మార్చుకొనుచు ఆరు తీరుల పడగలదనియు, 5, 2, 2 అనునది మూడు తీరులనే పడుననియు, 3, 3, 3 అనునది యొక్క తీరుననే గాని పడజాలదనియు తేటపడును. ఇట్లు లెక్కించిన, మొత్తము 216 పర్యవసానములలో 9కి 25, 10కి 27 అనుకూలములు. భేదము నూటయెనిమిదింట నొక్క వంతు! గెలీలియో గణనకంటె, ఇంత సూక్ష్మమైన తేడాను కేవలము ఆడి యాడి పసిగట్టిన ఆ జూదరుల యోపికయే నాకు మిక్కిలి యాశ్చర్యకరము.

అనుకూల పర్యవసానముల సంఖ్యను సకల పర్యవసానముల సంఖ్యచే భాగింపగా వచ్చునది సంభావ్యత యని విద్యార్థులు వల్లింతురు. ఆ పర్యవసానము లన్నియు సమసంభవములై యుండవలెనను నియమమునే మఱచుదురు. 1654లో పాస్కలు, ఫెర్మాలు పరస్పరము వ్రాసికొనిన లేఖలతో నీ శాస్త్రము రూపు దాల్చిన నూఱేండ్లకు సయితము, డాలంబేరువంటి గణితవేత్తయే యిచ్చట తొట్రుపడెను. నాణెమును రెండు మాఱు లెగురవేసినచో ఒక్కసారియైన బొమ్మ పడు సంభావ్యత యెంత? మొదటనే బొమ్మ పడిన ఆట ముగిసినట్లే. లేదా బొరుసు పిమ్మట బొమ్మ. లేదా రెండును బొరుసులే. కావున మూడింట రెండని యాతడు, 1754లో వెలువడిన ఫ్రెంచి విజ్ఞానసర్వస్వ సంపుటమున, వాదించెను. సందర్భములు మూడను మాట నిజమే గాని యవి సమానములు కావు: మొదటనే బొమ్మ పడుట సగము, తక్కిన రెండును చెఱియొక పాతిక. సగమును పాతికయు కూడిన ముప్పాతిక యగును.