ఒకరి పేరు మీద పలువురి వైఫై

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఇంటి యజమాని, పై వాటాలో అద్దెకున్నవారు, పక్క పోర్షన్‌లోని విద్యార్థులు కలిసి వాడుకుంటూ నెల బిల్లును తలా కొంత వేసుకోవడం మామూలైపోయింది. ఇరుగుపొరుగుల మధ్య ఎప్పటినుంచో ఉన్న ఇచ్చిపుచ్చుకునే అలవాటులో ఇదీ ఒక భాగమే గనుక దీనిని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే పాస్‌వర్డ్ చెప్పినవారు తాము కొంత డేటాను మాత్రమే ఇస్తున్నామని అనుకుంటారు గాని, దానితోపాటు మరి రెండింటిని కూడా అప్పగిస్తున్నారు. బయటి ప్రపంచంలో తమ ఇంటికి గుర్తుగా నిలిచే చిరునామా మొదటిది. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, కెమెరాలు ఒకదానినొకటి నమ్మి పనిచేసే చోటికి ప్రవేశం రెండోది. ఈ రెండింటి వల్ల వచ్చే ప్రమాదాలు వేరు, వాటికి విరుగుడు కూడా వేరు.

సేవాసంస్థ తన ప్రతి కనెక్షన్‌కు అంకెలతో కూడిన ఒక చిరునామాను కేటాయిస్తుంది. దీనినే ఐపీ అడ్రస్ అంటారు. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నా, ఎన్ని లాప్‌టాప్‌లున్నా, రూటర్ సాధారణంగా వాటన్నిటి తరఫునా ఆ ఒక్క చిరునామాతోనే బయటి సర్వర్లతో సంభాషిస్తుంది కాబట్టి, ఫలానా సందేశం ఆ ఇంట్లో ఏ గదిలోని ఏ ఫోన్ నుంచి వెళ్లిందో ఆ చిరునామాను బట్టి అవతలివారికి తెలిసే వీలు లేదు. కొన్ని సంస్థలు ఒకే చిరునామాను అనేకమంది చందాదారులకు ఒకేసారి పంచుతున్నా, ఏ క్షణంలో అది ఎవరి తరఫున వాడుకలో ఉందో తమ రికార్డుల్లో భద్రపరుస్తాయి. ఏ విధంగా చూసినా దర్యాప్తు అధికారి వెతుకులాట మొదట వెళ్లి ఆగేది బిల్లు ఎవరి పేరున వస్తున్నదో ఆ ఇంటి గుమ్మం వద్దనే.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగి 50 మందికి పైగా మరణించగా, వాటికి కొద్ది నిమిషాల ముందే బాధ్యత ప్రకటిస్తూ వార్తాసంస్థలకు ఒక ఈమెయిల్ అందింది. దాని ఐపీ అడ్రస్‌ను పట్టుకొని వెళ్లిన దర్యాప్తు బృందం నవీ ముంబైలో నివసిస్తున్న ఒక అమెరికన్ ఇంటికి చేరింది. పేలుళ్లతో అతనికి ఏ సంబంధమూ లేదని, అతని వైఫైని మరెవరో వాడుకున్నారని చివరకు తేలింది గాని, ఈలోగా అతడు అనుమానితుడిగా సుదీర్ఘమైన విచారణను ఎదుర్కోవలసి వచ్చింది. ఆ తరువాతి వారాల్లో, పేలుళ్లకు బాధ్యత ప్రకటించిన ముఠాయే పంపిన మరికొన్ని ఈమెయిళ్లకు ముంబైలోని ఒక కళాశాల వైఫై, ఒక ప్రైవేటు సంస్థ వైఫై దారి అయ్యాయి. ఈ అనుభవంతోనే టెలికాం శాఖ 2009 ఫిబ్రవరిలో వైఫైని సురక్షితంగా వాడే విషయమై సేవాసంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

అమెరికాలోని మిన్నెసోటాలో జరిగిన మరొక నేరం ఇంకొంత కలవరపరుస్తుంది. అక్కడ ఒక వ్యక్తి పొరుగింటివారి మీద కక్షతో వారి వైఫై పాస్‌వర్డ్‌ను ఛేదించి, ఆ కనెక్షన్ నుంచే, వారి పేరుతోనే నాటి ఉపాధ్యక్షుడు జో బైడెన్‌కు బెదిరింపు లేఖ పంపాడు. 2011లో అతనికి 18 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ కుటుంబంలోని ఉద్యోగి పనిచేసే న్యాయసంస్థ నిపుణుడిని నియమించి, రూటర్ గుండా వెళ్లే సమాచారాన్ని నమోదు చేయించడం వల్ల అసలు దోషి దొరికాడు. అటువంటి అండ లేని సామాన్య కుటుంబం తన నిర్దోషిత్వాన్ని ఏ ఆధారంతో నిరూపించుకోగలదన్నది ఆలోచించవలసిన ప్రశ్న. మన ఐటీ చట్టంలోని 66వ సెక్షన్ మోసపూరితమైన లేదా దురుద్దేశంతో కూడిన చర్యనే శిక్షార్హంగా పరిగణిస్తుంది కాబట్టి, కనెక్షన్ తన పేరున ఉన్నంత మాత్రాన చందాదారు దోషి కాడు. కాని ఆ మాట తేలేలోగా ఫోన్లు, కంప్యూటర్లు స్వాధీనం కావడం, స్టేషన్ చుట్టూ తిరగడం, వీధిలో నలుగురూ చెప్పుకోవడం తప్పవు.

ఇక లోపలి ప్రమాదం కంటికి కనిపించనిది. రూటర్‌కు అనుసంధానమైన పరికరాలన్నీ కలిసి ఒక స్థానిక నెట్‌వర్క్ అవుతాయి. దాని లోపల ప్రింటర్లు, స్మార్ట్ టీవీలు, సీసీ కెమెరాలు, ఫైళ్లు దాచుకునే డ్రైవులు బయటివారికి కనబడకపోయినా, తమలో తమకు కనబడుతూనే ఉంటాయి. వీటిలో చాలావాటికి తయారీదారు పెట్టిన పాస్‌వర్డే మారకుండా ఉండిపోతుంది. 2016లో ప్రపంచవ్యాప్తంగా అలజడి రేపిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం, ఇటువంటి దాదాపు 60 యూజర్‌నేమ్-పాస్‌వర్డు జంటలను వరుసగా ప్రయత్నించడం తప్ప పెద్ద విద్యలేమీ లేకుండానే లక్షల కెమెరాలను, రూటర్లను వశపరచుకుంది. పొరుగువారి మనసు ఎంత మంచిదైనా, వారి ఫోన్‌లో ఏ ఆప్ దాగి ఉందో వారికే తెలియదు. అందువల్ల ఇక్కడ అనుమానించవలసినది మనిషిని కాదు, ఆ మనిషి వెంట లోపలికి వచ్చే పరికరాన్ని.

ఎక్కువ ఇళ్లలో ఇప్పటికీ వాడుకలో ఉన్నది డబ్ల్యూపీఏ2 అనే రక్షణ విధానం. దీనిలో అందరికీ ఒకటే పాస్‌వర్డ్ ఉన్నా, ఒక్కొక్క పరికరం రూటర్‌తో జతపడేటప్పుడు తనకంటూ ఒక ప్రత్యేకమైన తాళంచెవిని రూపొందించుకుంటుంది. ఆ తాళంచెవి పుట్టేది పాస్‌వర్డ్ నుంచి, జతపడే వేళ గాలిలో వెళ్లే నాలుగు సందేశాల నుంచి. కాబట్టి పాస్‌వర్డ్ తెలిసిన వ్యక్తి ఆ నాలుగు సందేశాలను పట్టుకోగలిగితే, తక్కినవారి సమాచారాన్ని కూడా విప్పగలడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని సరిదిద్దింది. అలాగని భయాన్ని పెంచడమూ న్యాయం కాదు. నేడు బ్యాంకులు, ఈమెయిళ్లు, చెల్లింపుల ఆప్‌లు తమ సమాచారానికి విడిగా మరొక రహస్యలిపిని తొడుగుతున్నాయి గనుక, వైఫై పొర చిరిగినా వాటి పాస్‌వర్డులు అంత తేలికగా బయటపడవు. ఏయే సైట్లను ఎప్పుడు తెరిచారన్నది మాత్రం చాలావరకు తెలిసిపోతుంది.

అంతకన్నా తీవ్రమైనది రూటర్ సెట్టింగుల మీద అదుపు తప్పడం. సైటు పేరును ఐపీ అడ్రస్‌గా మార్చి చెప్పే డీఎన్ఎస్ అనే వ్యవస్థను ఏ సర్వర్‌లో సంప్రదించాలో రూటర్లో రాసి ఉంటుంది. అక్కడ ఒక్క అంకె మార్చినా, ఇంట్లోని ప్రతి ఫోనూ నకిలీ సైటుకు దారి తప్పవచ్చు. 2011 నవంబరులో ఎఫ్‌బీఐ పట్టుకున్న ముఠా డీఎన్ఎస్‌చేంజర్ అనే ప్రోగ్రాంతో 40 లక్షల కంప్యూటర్లను ఇలాగే దారి మళ్లించింది. కంప్యూటర్‌లోకి చొరబడ్డాక అదే ఇంటి రూటర్‌ను కూడా తయారీదారు పెట్టిన పాస్‌వర్డుతో తెరిచి మార్చే శక్తి ఆ ప్రోగ్రాంకు ఉండేది.

పాస్‌వర్డ్ ఒకరికి చెబితే ఒకరి దగ్గరే ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. ఫోన్లు వైఫైని పంచుకోవడానికి చూపే క్యూఆర్ కోడ్‌లో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. దానిని ఫొటో తీసిన ప్రతివారి దగ్గరా అది చేరినట్లే. మరికొన్ని సందర్భాల్లో చందాదారుకు తెలియకుండానే కనెక్షన్ పంపకం జరుగుతుంది. అసలు స్థానాన్ని దాచి ఇంటర్నెట్ వాడే సదుపాయాన్ని వీపీఎన్ అంటారు. ఉచితమని చెప్పి అందించిన అటువంటి కొన్ని ఆప్‌ల ద్వారా జనం కంప్యూటర్లలో చొరబడి, వారి ఐపీ అడ్రస్‌లను నేరగాళ్లకు అద్దెకిచ్చిన 911 ఎస్5 అనే జాలాన్ని 2024 మేలో అమెరికా న్యాయశాఖ ఛేదించింది. దాదాపు 200 దేశాలకు చెందిన 1.9 కోట్లకు పైగా చిరునామాలు అందులో ఉన్నాయి. అతిథి ఫోన్‌లో అటువంటి ఆప్ ఉంటే, అద్దెకు వెళ్లేది ఇంటివారి చిరునామాయే.

లోపలి ప్రమాదానికి నమ్మదగిన విరుగుడు చాలా రూటర్లలో ఉన్న గెస్ట్ నెట్‌వర్క్. వచ్చినవారిని వీధి అరుగు మీద కూర్చోబెట్టినట్లు, ఇది ఇతరులకు వేరే పేరుతో, వేరే పాస్‌వర్డుతో ఇంటర్నెట్‌ను మాత్రమే అందించి, ఇంటి పరికరాలను వారికి కనబడనీయదు. దానితోపాటు రూటర్ సెట్టింగుల పాస్‌వర్డును మార్చడం, అవకాశం ఉంటే డబ్ల్యూపీఏ3ని ఎంచుకోవడం, అద్దెకున్నవారు ఖాళీ చేసినప్పుడల్లా వైఫై పాస్‌వర్డును మార్చడం అవసరం. డబ్ల్యూపీఎస్ అనే సులభ అనుసంధాన సదుపాయాన్ని ఆపివేయడం మరీ ముఖ్యం. దాని ఎనిమిది అంకెల పిన్‌ను రూటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుంది కాబట్టి, కోట్ల ప్రయత్నాలు కావలసినచోట 11,000 ప్రయత్నాలతోనే దానిని కనుగొనవచ్చని 2011లో వెల్లడైంది. వైఫై పేరును దాచిపెట్టడం వల్ల మాత్రం ఒరిగేదేమీ లేదు.

అయితే గెస్ట్ నెట్‌వర్క్ బయటి చిరునామాను మార్చదు. అరుగు మీదివారు పంపినదీ ఇంటివారి పేరుతోనే వెళుతుంది. అందువల్ల శాశ్వతంగా కలిసి వాడుకునే కుటుంబాలు ఎవరికి వారు కనెక్షన్ తీసుకోవడమే సరైన మార్గం. సేవాసంస్థల నిబంధనలు కూడా సాధారణంగా ఒక ఇంటి వాడకానికే పరిమితమై ఉంటాయి. టీ దుకాణం, మెస్, హాస్టల్ వంటి చోట్ల పలువురికి ఇవ్వవలసి వస్తే, 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం వాణి పథకం కింద లైసెన్సు లేకుండానే వైఫై కేంద్రాన్ని నడపవచ్చు. అక్కడ వాడుకదారు ముందుగా ఆప్‌లో తన వివరాలతో నమోదు కావలసి ఉంటుంది గనుక, ఆ కనెక్షన్‌ను ఎప్పుడు ఎవరు వాడారన్నది వాడినవారి ఖాతాలోనే నమోదవుతుంది.