చాకొలెట్టుకు ఏ గ్రైండరు?

మన దేశంలో కోకో అన్నిటికంటె హెచ్చుగా పండేది ఆంధ్రప్రదేశ్‌లో. అందులోనూ గోదావరి ప్రాంతపు కొబ్బరితోటలలో, చెట్లనీడను. అటు బంధుత్వాలున్న మన కోయంబత్తూరు తెలుగువారి ఇండ్లకు ఆవకాయ జాడీతోపాటు, పులియబెట్టి ఎండబెట్టిన కోకో గింజల సంచీ కూడా ఒకప్పుడొకటి వస్తూ ఉన్నది.

మాకు తెలిసిన ఒక సోదరి ఆ గింజలతో ఇంట చాకొలెట్టు చేసి దీపావళికి డబ్బాలు కట్టి అమ్మాలని సంకల్పించింది. భర్త పోయిన తర్వాత కూడబెట్టిన చీటీ డబ్బు చేతిలో ఉన్నది. ఆ డబ్బు పెట్టి యంత్రం కొనవలెనా, ఇంటిలో ఉన్న ఇడ్లీ గ్రైండరే చాలునా అని మమ్మల్ని అడిగింది. ఇది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి పనులకు యంత్రం అక్కరలేదు. గింజలను వేరుశనగలవలె సన్ననిసెగమీద వేయించి, చల్లారనిచ్చి, నలిపి, చేటలో చెరిగితే పొట్టు పోతుంది. కిలో గింజలకు సుమారు ముప్పావు కిలో పలుకులు మిగులుతాయి. చేట చెరగడం చేతనైన ఇల్లాలికి ఇందులో ఎవరూ నేర్పవలసినది లేదు.

చిక్కు రుబ్బడంలో ఉన్నది. కోకో పలుకులో సుమారు సగం వెన్నే. నలిగేకొద్దీ, వేడెక్కేకొద్దీ అది కరిగి పలుకులు ముద్దయి, ముద్ద జారుగా అవుతుంది. మిక్సీ ఇంతవరకు తేగలదు, ఆపైన దానివల్ల కాదు. మిల్లీమీటరులో వెయ్యవ వంతు మైక్రాను. 30 మైక్రాన్లకు మించిన రేణువును నాలుక ఇసుకవలె పసికడుతుంది. మిక్సీ బ్లేడు కోస్తుందేగాని నలపదు. పైగా నాలుగు నిమిషాలలో కాగిపోతుంది. అంత మెత్తన రాతిక్రిందనే రావలెను, అదీ 24 గంటలు, ఒక్కొక్కప్పుడు 48 గంటలు. స్విట్జర్లాండులో బెర్న్ పట్టణపు రొడాల్ఫ్ లిండ్ట్ 1879 లో కనిపెట్టినది ఈ దీర్ఘమైన మథనమే. పులుపువాసన ఆవిరై పోవడానికీ ఇదే ఉపాయం.

ఇక్కడ మన ఊరు కొంత గర్వించవచ్చును. 1955 లో పి. సభాపతిగారు గ్రైండరు చేసినది ఈ ఊరిలోనే. కోయంబత్తూరు గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కినది. రుబ్బురోలులో (ఇక్కడ మనమూ ఆట్టుకల్లు అనే అంటాము) రోలు కదలదు, పొత్రం తిరుగుతుంది. గ్రైండరులో పాత్ర తిరుగుతుంది, రాళ్ళు ఉన్నచోటనే ఉండి దొర్లుతాయి. ఈ అమరికనే కొద్దిగా మార్చి, ‘మెలాంజరు’ అని పేరుపెట్టి, అమెరికా, ఐరోపాలలోని చిన్న చాకొలెట్టు తయారీదారులు వాడుతున్నారు.

ఆ కొద్ది మార్పే అసలు సంగతి. ఇడ్లీపిండి అరగంట, ముప్పావుగంటలో నలుగుతుంది. మామూలు గ్రైండరు మోటారు ఆ లెక్కకు కట్టినది. దానిని ఒకరోజంతా తిప్పితే మోటారు కాగుతుంది, బెల్టు సాగుతుంది. కాగితాలు చదవడమే మా వృత్తి గనుక ఆ సోదరి గ్రైండరు గ్యారంటీ చీటీ అడిగి తెప్పించి చూశాము. ఇంటి పిండికి తప్ప మరిదేనికి వాడినా గ్యారంటీ చెల్లదని చీమతలకాయంత అక్షరాలలో ఉన్నది. దుకాణంవాడు మాత్రం “ఏదైనా రుబ్బుకోండమ్మా” అని నోటిమాటగా చెప్పినాడట.

మరొక అభ్యంతరం తడి. కరిగిన చాకొలెట్టులో నాలుగు నీటిబొట్లు పడితే చాలు, గట్టి ముద్దయి కూర్చుంటుంది. నిన్న మినప్పప్పు రుబ్బిన రాతిలో చెమ్మా ఉంటుంది, పులిసిన వాసనా ఉంటుంది. కాబట్టి ఇడ్లీకి ఒకటి, చాకొలెట్టుకు ఒకటి. బెల్లం వేయవచ్చునా అని ఆమె అడిగింది. బెల్లంలోనూ చెమ్మ ఉన్నది, బాగా ఆరబెట్టనిదే కూడదు. పాలు కావలెనంటే పాలపొడియే.

కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడిగితే చాలునని మా అభిప్రాయం. 24 గంటలు ఆపకుండా నడుస్తుందని వ్రాసి ఇస్తారా? రాళ్ళను క్రిందికి నొక్కే స్ప్రింగు, దానిని బిగించే మర ఉన్నవా? రాళ్ళ నడుమ అరిగే తొడుగులు విడిగా దొరుకునా? మొదటి ప్రశ్నకు తడబడే దుకాణంలో మిగతా రెండూ అడగనక్కరలేదు.

పరిమాణం విషయంలో ఆశ కూడదు, పిసినారితనమూ కూడదు. రెండు లీటర్ల పాత్రలో కిలో సరకు సుఖంగా నడుస్తుంది. 700 గ్రాముల పలుకులు, 300 గ్రాముల పంచదార. పావుకిలో వేస్తే రాళ్ళకు అంటుకొన్నది పోగా మిగిలేది స్వల్పం. ధర మామూలు గ్రైండరు ధరకంటె చాలా హెచ్చు, నిజమే. కరెంటు మాత్రం భయపడవలసినంత కాదు. 150 వాట్ల మోటారు 24 గంటలు తిరిగితే 3.6 యూనిట్లు. మోతే పెద్ద బెడద. వాటాల ఇంటిలో రాత్రంతా గరగర వినిపిస్తే ప్రక్కవాటావారు ఊరుకోరు. వారికి ముందుగా చెప్పి, చేసిన తర్వాత ఒక డబ్బా ఇవ్వడం మేలు.

ఆ సోదరి చీటీ డబ్బులో సగానికి పైగా పెట్టి చాకొలెట్టు యంత్రమే కొన్నది. కొత్త రాతిలో పొడి ఉంటుంది గనుక మొదట నూనె, పంచదార వేసి కొన్ని గంటలు త్రిప్పి పారవేసింది. పలుకులను గోరువెచ్చన చేసి గుప్పెడు గుప్పెడుగా వేస్తున్నది. అన్నీ ఒకేసారి వేస్తే రాళ్ళు బిగుసుకుంటాయి. పంచదార ముద్ద జారిన తర్వాతనే. రెండవసారి నడుమ కరెంటు పోయి, తెల్లవారేసరికి అంతా రాయివలె గడ్డకట్టినది. అటువంటప్పుడు స్విచ్చి వేయరాదు. పాత్రను వెచ్చచేసి, రాళ్ళు చేతికి కదిలిన తర్వాతనే వేయవలెను. ఆమె అలాగే చేసింది. సరకూ దక్కినది, మోటారూ దక్కినది.