పాత గేరుపెట్టె విలువ కట్టుట

అమెరికాలోని మన్సీ పట్టణమున జనరల్ మోటార్స్ వారు 1963 నుండి 1974 వరకు నాలుగు వేగముల గేరుపెట్టెలను తయారుచేసిరి. ఆనాటి బలమైన కార్లను పదిలపరచుకొనువారు వీటికై నేటికిని వెదకుచుందురు. ఎం20, ఎం21, ఎం22 అను మూడు రకములును పైకి ఒకే తీరున నుండును. ధరలో మాత్రము ఎం22 మిక్కిలి ప్రియము. మోసమునకు తావు ఇచ్చటనే.

పెట్టెను మొదటి గేరులో నుంచి, వెనుక ఇరుసు పది చుట్లు తిరుగువరకు ముందు ఇరుసును త్రిప్పి లెక్కింపవలెను. 1966 తరువాతి ఎం20కి సుమారు 25 చుట్లు, తక్కిన రెంటికి 22 చుట్లు పట్టును. మరి ఈ రెంటిని విడదీయుట ఎట్లు? ప్రక్కమూత విప్పి పండ్ల వాలు చూడవలసినదే. పండ్లు ఏటవాలుగా నున్నచో ఒకటి విడువకమునుపే మరియొకటి అందుకొనును గనుక చప్పుడు తగ్గును. కాని ఇరుసును దాని పొడవువెంట నెట్టు బలమొకటి పుట్టును. ఎం22లో వాలును తగ్గించిరి. నెట్టుడు తగ్గినది, రొద పెరిగినది. అందుచేతనే దానికి 'రాళ్లు నలుగగొట్టునది' అని ముద్దుపేరు!

రకము తేలిన పిమ్మట నూనెను వంపి చూడవలెను. ఇత్తడి పొడి కనబడినచో వేగములను సరిపుచ్చు ఉంగరములు అరిగినవన్నమాట, అవి మార్చదగినవే. ఉక్కు పెచ్చులు పండ్లు విరిగినవనుటకు గుర్తు. అంతకంటె చెడ్డది అల్యూమినియపు పెట్టె ముందుభాగమున క్రింది ఇరుసుకడ్డీ దూరు రంధ్రము అరిగి కోలగా మారుట. అచ్చట నూనె కారుచున్నచో, పండ్లెంత నిగనిగలాడినను బేరము తగ్గింపవలసినదే.