పదునాలుగు పాదముల వెనుక

పర్చూరు ప్రాంతమున, పత్తిచేలకును మిరపతోటలకును నడుమనున్న ఏ ఉన్నత పాఠశాలలోనైనను, సానెట్టు అనగా నేమని అడిగినచో "పదునాలుగు పాదముల పద్యము" అని విద్యార్థి తడువుకొనక చెప్పును. చెప్పినది తప్పు కాదు. కాని సీసమనగా నాలుగు పాదములని చెప్పి ఊరకున్న వానికి మన తెలుగు పంతులుగారు మార్కులు వేయుదురా?

ముందు నడక సంగతి. ఇంగ్లీషు సానెట్టున పాదమునకు సాధారణముగా పది అక్షరములు. అవి రెండేసి చొప్పున ఐదు గణములు. ప్రతి గణమున మొదటిది తేలిక, రెండవది ఊనికగలది. చూచుటకు మన వగణము, అనగా లఘువుపై గురువు, ఐదుమారులు వచ్చినట్లే యుండును. సరిగా ఇక్కడనే మనము జారిపడుదుము. మన గురువు కాలమునుబట్టి ఏర్పడినది. దీర్ఘమో, సంయుక్తాక్షరమునకు ముందున్నదో యైనచో గురువగును. వారి ఊనిక గొంతు బలమునుబట్టి ఏర్పడినది. హాజరుపట్టీ పిలిచినప్పుడు పిల్లవాడు పలుకు "ప్రెజెంట్" అను మాటలో ఊనిక తొలి అక్షరముపై నుండును. ఆ మాటయే బహూకరించుట అను అర్థమున క్రియ యైనచో ఊనిక రెండవ అక్షరమునకు దుముకును. వ్రాత మాత్రము మారదు. మన ఛందస్సున ఇట్టి చోద్యము లేదు. కావున కాగితముపై గురులఘువులు గుర్తించినట్లు సానెట్టును గణవిభజన చేయబూనుట వృథా. బిగ్గరగా చదువవలెను. పైగా వారి కవులు తొలి గణమును తరచుగా తలక్రిందులు చేయుదురు. అది దోషము కాదు, ఎర్రసిరా అక్కరలేదు.

ఇక కట్టడము. ఇటలీలో పెట్రార్కు (1304–1374) పేర ప్రసిద్ధమైన పద్ధతిలో ఎనిమిది పాదములొక భాగము, ఆరు పాదములొక భాగము. మొదటి ఎనిమిదింటికిని రెండే అంత్యప్రాసలు. తెలుగును తూర్పుదేశపు ఇటాలియను అనుట మనకు పరిపాటి గదా! అచ్చుతో ముగియు మాటలు పుష్కలముగా గల భాషకు అట్టి ప్రాస బరువు కాదు. ఇంగ్లీషునకు బరువే. పదునారవ శతాబ్దిలో వయట్ సానెట్టును ఆ భాషకు తెచ్చెను. సర్రే దానిని సడలించి, ప్రాసలు మార్చుచు మూడు నాలుగుపాదముల ఖండములు, తుదిని ఒక జంటపాదము కూర్చెను. 1609లో షేక్‌స్పియరు సానెట్లు 154 అచ్చయ్యెను. దున్నినది సర్రే, పట్టా షేక్‌స్పియరు పేర!

భావము మలుపు తిరుగుటయే సానెట్టునకు ప్రాణము. ఇది తెలుగు చెవికి కొత్త కాదు. సీసము నాలుగు దీర్ఘపాదములలో విషయమును పెంచి పెంచి, ఎత్తుగీతితో ఒక్కసారిగా నడక కుదించును. సానెట్టున నడక మారదు. అర్థమును ప్రాసయు మాత్రమే మలుపును తెలుపును. ఉపాధ్యాయుడు సీసమునుండి మొదలిడినచో పాఠము సులువగునని నా నమ్మకము.

బాపట్ల తాలూకా గార్లపాడున 1892లో పుట్టిన రాయప్రోలు సుబ్బారావుగారు ఆంగ్ల కాల్పనిక కవుల భావనను గ్రహించియు మన పద్యమును విడువలేదు. 1910లో గురజాడవారి ముత్యాల సరములు మూడు, నాలుగు మాత్రల గతితో కొత్త నడక నడచెను. అదియు మాత్రల లెక్కయే, ఊనికల లెక్క కాదు. తెలుగున పదునాలుగు పాదములు వ్రాసి సానెట్టని పేరు పెట్టవచ్చును. ఆ ఐదు దెబ్బలు వినవలెనన్నచో పుస్తకము మూసి, బల్లపై వ్రేలితో తట్టుచు, ఇంగ్లీషు పాదమునే చదివించవలెను.