చిన్ననాటి తప్పు పెద్ద పదవికి అడ్డంకా?

పుట్టుకతోనే ఎవరూ పెద్దమనిషి కారు. మీసకట్టు మొలిచే వయసులో దుడుకుతనం వుంటుంది. తోటివాళ్ల మెప్పుకోసం చేసే పనులుంటాయి. వాటిలో కొన్ని తప్పుడు పనులు కూడా వుంటాయి. అదే మనిషి నలభై, యాభై ఏళ్ల తర్వాత ఒక ఉన్నత పదవిని కోరినప్పుడు ఆ తప్పులు లెక్కలోకి రావాలా, వద్దా? అమెరికాలో ఈ ప్రశ్న ఒకటికి రెండుసార్లు తలెత్తింది. దీని మంచిచెడ్డలను పాఠకులతో కలిసి ఆలోచించదలచాము.

కత్తెర మరిచిపోయింది

2012లో మిట్ రోమ్నీ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఆ ఏడాది మే నెలలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆయన బడిరోజుల నాటి సంగతి ఒకటి బయటపెట్టింది. 1965లో ఆయన మిషిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ పాఠశాలలో చదువుతుండేవారు. వయసు 18. తండ్రి ఆ రాష్ట్ర గవర్నరు. అదే బడిలో ఒక మెతక కుర్రవాడు జుట్టు రంగు మార్చుకుని, ఒక కంటిమీదికి పడేలా వదిలాడు. అది రోమ్నీకి నచ్చలేదు. స్నేహితుల గుంపుతో వెళ్లి, వాళ్లు ఆ కుర్రవాణ్ణి నేలమీద అదిమిపట్టగా, అతడు ఏడుస్తున్నా వినకుండా జుట్టు కత్తిరించారని తోటి విద్యార్థులు పత్రికకు చెప్పారు.

ఆ ఘటన తనకు గుర్తు లేదన్నారు రోమ్నీ. బడిలో కొన్ని తెలివితక్కువ పనులు చేశానని, వాటివల్ల ఎవరైనా నొచ్చుకుని వుంటే క్షమించమని అన్నారు. కాని జుట్టు పోగొట్టుకున్న వ్యక్తి 2004లోనే కన్నుమూశాడు. ఆ క్షమాపణ అతని చెవిన పడే అవకాశమే లేదు.

ఈ కథలో మరొక సహవిద్యార్థి వున్నాడు. ఆనాడు ఆ దృశ్యాన్ని చూసినవాడు. 1990లలో ఒకనాడు చికాగో విమానాశ్రయంలో బాధితుడు అనుకోకుండా కనిపించగా దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఆదుకోలేకపోయినందుకు మన్నించమని అడిగాడు. తానెంత భయపడ్డాడో, ఆ తర్వాత దాన్ని ఎంతగా తలచుకున్నాడో బాధితుడు అతనికి చెప్పాడట. అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లు గడిచాయి. చేసిన చేతికి గుర్తు లేదు. పడిన తల మాత్రం మరువలేదు.

బాకీ ఎవరికి?

పశ్చాత్తాపపడినవారిని క్షమించటం అల్లాహ్ గుణం. అయితే మన పెద్దలు హక్కులను రెండుగా విభజించి చెప్పారు. దైవం పట్ల చేసిన అపరాధానికి దైవాన్ని వేడుకుంటే చాలు. సాటి మనిషికి చేసిన అన్యాయం 'హుఖూఖుల్ ఇబాద్' కిందికి వస్తుంది. దాన్ని ఆ మనిషి దగ్గరే తేల్చుకోవాలి.

హజ్రత్ యూసుఫ్ (అలైహి) సోదరులనే చూడండి. అసూయతో చిన్న తమ్ముణ్ణి బావిలో పడవేశారు. ఏళ్లు గడిచాక ఈజిప్టు ధాన్యాగారాల అధికారిగా వున్న ఆ తమ్ముని ముందే నిలబడవలసి వచ్చింది. తప్పు చేశామని ఒప్పుకున్నారు. ఆయన ఒక్క నిందమాట కూడా అనకుండా క్షమించారు. ఇక్కడ క్షమకు ముందు ఒప్పుకోలు వుందని గమనించాలి. గతమే అడ్డంకి అయివుంటే, ఒకప్పుడు ఇస్లామ్‌కు బద్ధవిరోధి అయిన హజ్రత్ ఉమర్ (రజి) రెండవ ఖలీఫా అయ్యేవారే కాదు.

మన దేశపు చట్టం కూడా పిల్లల పట్ల దయ చూపుతుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం కింద విచారణ జరిగిన బాలునికి ఆ నేరం కారణంగా తర్వాత ఎలాంటి అనర్హతా అంటకూడదు. పదహారేళ్లు నిండి, ఘోరమైన నేరం చేసి, పెద్దవారితో సమానంగా విచారణకు గురై దోషిగా తేలినవారికి మాత్రం ఈ మినహాయింపు లేదు. అంటే కొంటెతనం వేరు, ఘోరం వేరు అని చట్టం కూడా గుర్తించింది.

ప్రశ్న మారిపోతే

2018లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి బ్రెట్ కవనా పేరు ప్రతిపాదించారు. 1982లో ఒక ఇంట్లో కుర్రకారు కలుసుకున్నప్పుడు ఆయన తనపై లైంగిక దాడికి దిగారని క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్ సెప్టెంబరు 27న సెనేట్ కమిటీ ముందు ప్రమాణం చేసి చెప్పారు. అప్పుడు ఆమెకు 15, ఆయనకు 17 ఏళ్లు. ఆయన అదే రోజు ప్రమాణం చేసి, ఆ ఆరోపణను పూర్తిగా ఖండించారు. అక్టోబరు 6న 50-48 ఓట్లతో ఆయన నియామకం ఖాయమైంది.

ఆనాడు ఏం జరిగిందో మేము తేల్చలేము. నిరూపణ కాని ఆరోపణను నేరంగా ఎంచటం కూడా న్యాయం కాదు. కాని అప్పట్లో కొందరు "పదిహేడేళ్ల వయసులో చేసినదానికి ఇప్పుడేమిటి?" అని వాదించారు. మా అభ్యంతరం ఆ వాదనపైనే. ఆయన తప్పు చేశానని క్షమ కోరలేదు, చేయనే లేదన్నారు. అప్పుడు తేల్చవలసింది 17 ఏళ్ల కుర్రవాని సంగతి మాత్రమే కాదు, 53 ఏళ్ల మనిషి చెబుతున్నది నిజమా కాదా అన్నది. వయసును అడ్డుపెట్టి ఆ విచారణనే తప్పించటం నిందితునికీ మేలు కాదు, నింద మోపినవారికీ మేలు కాదు.

మా అభిప్రాయం

పదవి ఎవరి హక్కూ కాదు. అది అమానతు, ప్రజలు నమ్మి అప్పగించిన సొత్తు. దాన్ని ఇవ్వకపోవటం శిక్ష వేయటం కాదు. అయినా ఒక్క చిన్ననాటి తప్పుతో మనిషికి జీవితాంతం తలుపు మూయటం మాకు సమ్మతం కాదు. చూడవలసినవి మూడు. జరిగినది నిజమా? ఎదుటివారికి ఎంత గాయమైంది? ఈనాడు దాని గురించి ఆ మనిషి ఏమంటున్నాడు? నిజం ఒప్పుకుని, గాయపడినవారిని వెతుక్కుంటూ వెళ్లినవానిని మేము నమ్ముతాము. నిరూపణ అయినా "కుర్రతనం" అని నవ్వి ఊరుకునేవాని చేతికి అమానతు అప్పగించలేము.

పెద్ద పదవులు మనలో ఎందరికి వస్తాయి? బడినాటి బాకీలు మాత్రం చాలామందికి వుంటాయి. మనం ఏడిపించిన తోటివాడు ఏ ఊళ్లోనో, ఏ వీధిలోనో బతికే వుండవచ్చు. అతడు బతికి వుండగానే వెళ్లి ఆ బాకీ తీర్చుకుందాం.